వడగళ్ల ఆదివారం నాటి గిన్నె

బిస్కెట్టు చూసి నాకు ఒళ్లు మండింది.

ఎల్బీనగర్‌లో మా అబ్బాయి ఫ్లాటు. ఆదివారం పొద్దున. హాల్లో గోడకు తగిలించిన పెద్ద టీవీలో ఎక్కడి పాస్టరుగారో ఆరాధన నడుపుతున్నారు. మా అబ్బాయి లుంగీలో సోఫా మీద వాలి, టీపాయ్ మీదికి కాళ్లు చాపుకుని ఉన్నాడు. కోడలు వంటింట్లోంచి ట్రే తెచ్చి ఆ కాళ్ల పక్కనే పెట్టింది. చిన్న టీ కప్పుల్లో డబ్బా ద్రాక్షరసం. సాసరులో విరిచిన బిస్కెట్టు ముక్కలు. అది నెల మొదటి ఆదివారం. అంటే బల్ల. చర్చిని గుడి అన్నట్టే, రొట్టె, ద్రాక్షరసం అందరం కలిసి తీసుకునే ఆరాధనను మేము బల్ల అంటాం. ఆ బల్ల ఇప్పుడు టీపాయ్ అయింది.

"తీసుకోండి అత్తయ్యగారూ, పాస్టరుగారు ప్రార్థన మొదలెట్టేస్తున్నారు," అంది కోడలు. ఆమెది గుంటూరు వైపు. మర్యాదకు లోటు చేయదు.

"రొట్టె ఏది?"

"బ్రెడ్డు అయిపోయిందండీ. ఆన్‌లైన్‌లో పెడదామంటే, అదొచ్చేలోపు ఇక్కడ బల్ల అయిపోద్ది."

చైతన్యపురిలో కోచింగుకు వెళ్లే మా మనవరాలు ఫోనులోంచి తల ఎత్తకుండానే, "నానమ్మా, క్రీమ్ బిస్కెట్ కాదులే, ప్లెయినే," అంది.

నేను కప్పు ముట్టుకోలేదు. మా అబ్బాయికి కోపం వచ్చింది.

"నీకు ప్రతిదానికీ వంక కావాలె అమ్మా. గుడికి పోతే పార్కింగ్ దొరకదు. దొరికినా లోపల ఆ కమిటీ లొల్లి. కుర్చీల కోసం కొట్లాడుకునేటోళ్ల నడుమ కూసోని నేనేం ప్రార్థన చెయ్యాలె? నాకు దేవుడు కావాలె గని వాళ్లెందుకు? దేవుడు మన ఇంట్ల లేడా?"

ఆ చివరి మాట విని నేను బిస్కెట్టు సంగతి కూడా మరిచిపోయాను. దేవుడు మన ఇంట్ల లేడా. ఇదే మాట, ఇదే విసురుతో, నేను చిన్నప్పుడు విన్నాను. అన్నది మా నాయిన. ఆయన బల్లకు డబ్బా రసం వాడలేదు, గులాబీ షర్బత్ వాడాడు. అంతే తేడా.

ఆ ఎండాకాలం ఏ సంవత్సరానిదో, ఆ ఆదివారం ఏ తేదీనో నాకు తెలుసు. నేను తేదీలు మరిచిపోయే మనిషిని కాను. కానీ ఇక్కడ రాయను. రాస్తే ఎవరు ఎవరో తేలిపోతుంది. వాళ్ల మనవలు ఇంకా ఈ చుట్టుపక్కలే ఉన్నారు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగితే చీరల దుకాణాలూ చెప్పుల దుకాణాలూ తప్ప మట్టి కనబడదు. అప్పుడు సరూర్‌నగర్ చెరువు దాటాక ద్రాక్షతోటలు ఉండేవి. రాతి కూసాల మీద తీగల పందిళ్లు. పందిరి కిందికి వెళ్తే మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా, పచ్చగా, చెరువు అడుగున ఉన్నట్టు ఉండేది. తెగులు రాకుండా మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టేవాళ్లు. ఆ వాసన మా బట్టలకు ఉతికినా వదిలేది కాదు. తోటలో పనిచేసేవాళ్ల గోళ్లన్నీ నీలం. గుడిలో చేతులెత్తి ప్రార్థన చేస్తుంటే ఎవరు తోటవాళ్లో, ఎవరు కాదో చేతులు చూసి చెప్పొచ్చు.

మా నాయిన అలాంటి ఒక తోటలో మేస్త్రీ. కూలీలను పిలవడం, పని అప్పజెప్పడం, తిట్టడం ఆయన పని. మూడోదాన్ని మొదటి రెండింటి కంటే బాగా చేసేవాడు. ఆయన కింద, పాదులకు నీళ్లు కట్టే మనిషి ఒకాయన ఉండేవాడు. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ మోకాళ్ల దాకా బురదతో. ఆయనది చెరువు అవతలి వాడ. మాది ఇవతలి వాడ. ఊళ్లో పెద్ద కులాలవాళ్లకు రెండు వాడలూ ఒకటే, రెంటినీ గడప అవతలే నిలబెట్టేవాళ్లు. అయినా మా వాడవాళ్లు అవతలి వాడలో నీళ్లు తాగేవాళ్లు కాదు. మమ్మల్ని నిలబెట్టిన చోటు నుంచే మేము ఇంకొకరిని నిలబెట్టాం. తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

గుడి చెరువుగట్టు దగ్గర ఉండేది. గూనపెంకుల కప్పు, పేడతో అలికిన నేల, గంటకు బదులు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, తాటిచాపల మీద. గుడికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి ఇత్తడి గిన్నె. బల్ల రోజున ఆ ఒక్క గిన్నె అందరి చేతుల్లోంచీ, అందరి పెదవుల మీదుగా వెళ్లేది. అయ్యగారు, అంటే మా పాస్టరు, వెంట నడుస్తూ తెల్లగుడ్డతో అంచు తుడిచేవాడు.

అందులోకి రసం ఎక్కడిదంటే, కోతలు అయ్యాక రాలిన పళ్లు ఏరుకోవడానికి తోట యజమాని ఒప్పుకునేవాడు. ఇంటింటి ఆడవాళ్లూ తమ ఒళ్లో ఏరింది తెచ్చి గుడి వెనక ఒకే కాగులో పోయాలి. అది మా సంఘం ఆచారం. మైలుతుత్తం పోయేదాకా కడిగి, గుడ్డలో వేసి పిండి, పంచదారతో కాచి, సీసాల్లో నింపి మైనం పెట్టేవాళ్లు. ఒక్కసారి కాగులో పడ్డాక ఎవరి పండు ఎవరిదో దేవుడు కూడా విడదీయలేడని మా నాయనమ్మ అనేది.

ఆ ఏడు నీళ్లు కట్టే ఆయన భార్య కూడా ఒడి నింపుకుని వచ్చింది. అప్పటికి వాళ్లు బాప్తిస్మం తీసుకోలేదు, ఊరికే వచ్చి వెనక కూర్చునేవాళ్లు. ఆమె కాగు దగ్గర ఆగిపోయింది. పొయ్యాలో వద్దో తెలియక.

"ఏందే, గట్ల నిలవడ్డవ్? పొయ్యి. పండ్లకు కాళ్లున్నయా, నడిచొచ్చి పడనీకి?" అంది నాయనమ్మ.

ఆడవాళ్లు నవ్వారు. ఆమె పోసింది. వాళ్ల అమ్మాయీ నేనూ కాగు వెనక నక్కి, కడగని పళ్లు దొంగతనంగా మింగి, సాయంత్రానికి కడుపు పట్టుకుని చెరో వాడలో ఏడ్చాం. మరుసటి నాడు అమ్మ నా చెవి మెలేసి, నా నాలుక బయటికి లాగి నాయనమ్మకు చూపించింది. "చూడత్తమ్మా, గుడి సొమ్ము తిన్న నాలుక!" నాయనమ్మ తీరిగ్గా చూసి, "తెల్లగనే ఉన్నది. ఇంకో గుత్తి పట్టేటట్టున్నది," అంది.

వాళ్లు చెరువులో బాప్తిస్మం తీసుకున్న తర్వాత వచ్చిన మొదటి బల్ల రోజే గొడవ జరిగింది. కొత్తగా చేరినవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టడం ఆనవాయితీ. సంఘ పెద్దల చోటు ఆ పక్కనే. మా నాయిన సంఘ పెద్ద. గిన్నె ముందు నీళ్లు కట్టే ఆయనకు వెళ్లింది. ఆయన రెండు నీలం చేతులతో పట్టుకుని, కళ్లు మూసుకుని తాగాడు. అయ్యగారు అంచు తుడిచి, గిన్నెను మా నాయిన వైపు చాపాడు.

నాయిన చెయ్యి లేవలేదు.

పాట ఆగిపోయింది. అయ్యగారు గిన్నె అలాగే చాపి నిలబడ్డాడు. చాలాసేపు.

"అయ్యగారూ, వాళ్లకు ఆఖరుకియ్యిర్రి," అన్నాడు నాయిన, గొంతు తగ్గించి.

"ఈ గిన్నెకు మొదలూ ఆఖరూ లేవయ్యా. ఎవరు ఎక్కడ కూర్చుంటే అక్కడే," అన్నాడు అయ్యగారు.

నాయిన లేచి, కండువా దులుపుకుని బయటికి నడిచాడు. వెళ్తూ మా వైపు చూశాడు. అమ్మ లేచింది, నన్ను లేపింది. నాయనమ్మ లేవలేదు. గుమ్మంలోంచి నాయిన "అమ్మా!" అని కేక వేశాడు.

"వొస్త. గిన్నె నా దాంక రానియ్యి," అందామె. గిన్నె ఆడవాళ్ల వైపు తిరిగి, వరసంతా దాటి ఆమె దాకా వచ్చింది. తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. అప్పుడు లేచింది.

ఇంటికి వచ్చాక నాయిన నోరు తెరిచాడు. "తోటల నేను నీళ్లు కట్టుమంటే కట్టేటోడు, గుడిల నా ముంగట తాగుతడా? రేపు తోటల నా మాట వింటడా? ఇగ మనం గుడికి పోయేది లేదు. దేవుడు మన ఇంట్ల లేడా?"

"ఆయన కట్టిన నీళ్లకు పండిన పండు తింటవు. ఆయన తాగిన గిన్నెల తాగవు. ఇదేం లెక్క బిడ్డా?" అంది నాయనమ్మ.

లెక్క తేలలేదు. మా ఇంటి ఆరాధన మొదలైంది.

మొదట్లో నాకు బాగానే అనిపించింది, దాచను. పొద్దున్నే లేవనక్కర్లేదు, వాక్యం కంఠతా పట్టి అందరి ముందూ అప్పజెప్పనక్కర్లేదు. తర్వాత తెలిసింది. శనివారం సాయంత్రాలు ప్రార్థన వంతులవారీగా ఇంటింటికీ తిరిగేది. మా వంతు వచ్చింది, మా ఇల్లు దాటి పోయింది. రెండు సందుల అవతల పాడుతుంటే మాకు వినబడేది. అమ్మ జొన్నరొట్టె తడుతూ చేతుల చప్పుడు తగ్గించేది, పాట వినడానికి. పాట అయిపోయాక మళ్లీ గట్టిగా తట్టేది. ఒకరోజు పెనం మీది రొట్టె మాడి ఇల్లంతా పొగ కమ్మింది. నాయిన అరిచాడు. అమ్మ తిరిగి ఒక్క మాట అనలేదు. ఆ మౌనం నాకు కొత్త. మా అమ్మ అంతకుముందు మాటకు మాట బాకీ ఉంచేది కాదు.

నాయనమ్మ మాత్రం రోజురోజుకీ చిన్నదైపోయింది. మోకాళ్ల నొప్పితో ఆమె ఒక్కతే గుడి దాకా నడవలేదు. నడిపించే మనుషులు ఆ దారిన వెళ్లినా మా గడప ఎక్కడం లేదు. ఇంకో బల్ల దాకా ఉంటానో పోతానో అని ఆమె అమ్మతో గుసగుసగా అనడం విన్నాను. ఆమె భయం చావు గురించి కాదు, ఆ గిన్నె లేకుండా చావడం గురించి.

నెల తిరిగింది. నాయిన దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి ఎర్రటి గులాబీ షర్బత్ సీసా కొనుక్కొచ్చాడు. అమ్మతో గోధుమరొట్టె చేయించాడు. పీట మీద తెల్లబట్ట పరిచాడు. ఆయనే అయ్యగారయ్యాడు, ఆయనే ప్రార్థన చేశాడు, ఆయనే ఆమెన్ అన్నాడు. ఇల్లంతా పెళ్లిపందిట్లో పన్నీరు చల్లినట్టు గుబాళించింది. నేను తాగి నాలుక బయట పెట్టి చూసుకున్నాను, గులాబీ రంగు. పక్కున నవ్వాను. నెత్తిన ఒకటి పడింది.

నాయనమ్మ ముందు గ్లాసు పెట్టాడు. ఆమె దాన్ని పక్కకు జరిపింది.

"తాగమ్మా, ఇది గూడ బల్లనే."

"ఒక్కడివే కూసోని తాగితే అది దూప తీర్చుకునుడు బిడ్డా. బల్ల ఎట్లయితది? దూపయితే కుండల నీళ్లున్నయి, తాగుత."

"మరేం చెయ్యమంటవ్?"

"నన్ను గుడికాడ దించు. నువ్వు రాకు. నిన్ను రమ్మని నేనన్నానా?"

నాయిన చాలా రోజులు ఒప్పుకోలేదు. ఆమె తిండి తగ్గించింది. అలిగినట్టు కాదు, నోటికి రుచించడం లేదన్నట్టు. చివరికి మళ్లీ బల్ల ఆదివారం వచ్చినప్పుడు, ఆయన ఒక్క మాట మాట్లాడకుండా సైకిల్ బయటికి తీశాడు. క్యారియర్ మీద గోనెసంచి మడతపెట్టి ఆమెను కూర్చోబెట్టాడు. ఆయన హ్యాండిల్ పట్టుకుని నడుస్తున్నాడు. నేను వెనక నుంచి నాయనమ్మ నడుం పట్టుకున్నాను. అమ్మ కొంగు తల నిండా కప్పుకుని, వద్దంటారేమోనన్నట్టు మాకు కాస్త దూరంగా నడిచింది. నాయిన వద్దనలేదు.

గుడి ముందు దింపాడు. మేము లోపలికి వెళ్లాం. ఆయన బయట, ఎండలో, సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు.

నేను కిటికీ పక్కన కూర్చున్నాను కాబట్టి జరిగింది జరిగినట్టు చూశాను. ప్రసంగం సగంలో ఎండ పోయింది. చెరువు మీద నుంచి గాలి లేచింది, మట్టి వాసన. పెంకుల మీద టప్పున ఒకటి పడింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఇక లెక్క లేదు. రాళ్లవాన. పిల్లలం ప్రసంగం వదిలేసి గుమ్మంలోకి దూకి వడగళ్లు నోట్లో వేసుకుంటున్నాం. చాపల మీద ఉన్న తోటవాళ్లందరి ముఖాల్లో నెత్తురు చుక్క లేదు, తీగలు ఏమైపోతున్నాయోనని.

నాయిన సైకిల్‌ను నెత్తి మీద అడ్డం పెట్టుకోవాలని చూశాడు. సైకిల్ గొడుగు కాదు కదా. ఒకటి చెవి మీద తగిలింది. మరొకటి ముక్కు మీద. సైకిల్‌ను కింద పారేసి, కండువా నెత్తిన వేసుకుని, పరుగున గుమ్మంలోకి వచ్చి పడ్డాడు. లోపల చోటు లేదు. కప్పు కారుతున్నచోట చాపలు ఎత్తేసి, అందరూ ఒక పక్కకు ఒదిగారు. ఆయన తడిసి, రొప్పుతూ, నిలబడలేక, వెళ్లలేక.

"జరుగుర్రి, జర జరుగుర్రి. మేస్త్రీ వొచ్చిండు," అన్నాడెవరో.

చూస్తే, నీళ్లు కట్టే ఆయన. తన పిల్లాణ్ని ఒళ్లోకి తీసుకుని, చాప మీద చోటు చేశాడు. నవ్వలేదు. గెలిచినట్టు చూడలేదు. తోటలో కాలువకు గండి కొట్టేటప్పుడు పక్కకు జరిగినంత మామూలుగా జరిగాడు.

నాయిన కూర్చున్నాడు. వేరే చోటు లేదు.

పెంకుల చప్పుడుకు అయ్యగారి ప్రార్థన ఎవరికీ వినబడలేదు. గిన్నె బయలుదేరింది. వరస వెంట వచ్చి నీళ్లు కట్టే ఆయన దగ్గర ఆగింది. ఆయన తాగాడు. ఈసారి అయ్యగారు వెనకబడ్డాడు, అడుగడుగునా మనుషులు. గుడ్డ అందలేదు. నీళ్లు కట్టే ఆయన తన కండువా చూసుకున్నాడు, అది బురద. ఏం చేయాలో తెలియక గిన్నెను అలాగే పట్టుకున్నాడు.

నాయనమ్మ ఆడవాళ్ల వైపు నుంచి కొడుకునే చూస్తోంది. నేను గుమ్మంలోంచి తిరిగొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

నాయిన గిన్నె అందుకున్నాడు. లోపలికి చూశాడు. తాగాడు. పెంకుల చప్పుడు తగ్గుతోంది. మీసం తుడుచుకుని, పక్కనున్న మనిషితో, ఎవరికీ వినబడదనుకుని అన్నాడు, నాకు వినబడింది:

"పుల్లగున్నది."

"నెలలాయె గద మేస్త్రీ," అన్నాడాయన.

అంతే. క్షమాపణలు లేవు, కౌగిలింతలు లేవు. మరునాడు తోటలో విరిగిన తీగల మధ్య నిలబడి, కాలువ సరిగా మళ్లించలేదని నాయిన ఆయన్ని ఎప్పటిలాగే తిట్టాడు. సాయంత్రం ఆయనతో కలిసే విరిగిన పందిరి ఎత్తాడు. ఆ తర్వాతి శనివారం ప్రార్థన మా ఇంట్లో. నీళ్లు కట్టే ఆయన కుటుంబం కూడా వచ్చింది. అమ్మ చాయ్ పోసింది, మిగతావాళ్లకు పోసిన గ్లాసుల్లోనే. నాయిన చూసీ చూడనట్టు చూరు వైపు చూశాడు. నాయనమ్మ ఆ తర్వాత చాలా బల్లలు తీసుకుంది.

అందుకే నా కొడుకు మాటకు నాకంత కోపం. దేవుడు ఇంట్లో లేడని నేనన్నానా? ఉన్నాడు. షర్బత్ రోజున మా ఇంట్లోనూ ఉన్నాడు. కానీ మా ఇంట్లో ఆయన మా నాయినను ఏమీ అడగలేకపోయాడు. జరగమనలేదు, పక్కన కూర్చోమనలేదు, ఎవరి ఎంగిలీ తాగమనలేదు. ఇంట్లో నాయినే అయ్యగారు, నాయినే సంఘ పెద్ద. కాదనేవాళ్లు లేని చోట మనిషి ఎన్నాళ్లు ప్రార్థన చేస్తే మాత్రం మారతాడు? దేవుడితో ఒంటరిగా ఉండటం సులువు. ఆయన దగ్గర పక్కవాడి చెమట వాసన రాదు.

సంఘంలో కొట్లాటలు లేవని నేను చెప్పను. కుర్చీల కోసం, స్థలాల కోసం కోర్టుల దాకా వెళ్లినవాళ్లను చూశాను. అవతలి వాడ, ఇవతలి వాడ అనే రోగం గుళ్లలో ఇప్పటికీ చావలేదు, అది నాకు తెలియదనుకోవద్దు. కమిటీలో నేను స్వయంగా ఇద్దరు పెద్దమనుషులను ముఖం మీదే కడిగేశాను. కానీ కడగడానికైనా అక్కడ ఉండాలి కదా! ఆ రోగాన్ని సోఫాలో కూర్చుని ఎలా కుదురుస్తారు? టీవీలో పాస్టరుగారికి నా కొడుకు పేరే తెలియదు. వీడు తప్పు చేస్తే ఆయన గిన్నె చాపి నిలబడతాడా? నచ్చకపోతే రిమోట్ నొక్కి ఇంకొకాయనను పెట్టుకుంటాడు. మా నాయిన చేతిలో రిమోట్ ఉంటే, ఆయన ఏనాటికీ ఆ గిన్నె తాగేవాడు కాదు.

ఇదంతా మా అబ్బాయికి చెప్పాను, బిస్కెట్టు ముక్కలు మెత్తబడేదాకా. కోడలు టీవీ సౌండు తగ్గించి విన్నది. మనవరాలు ఫోను పక్కన పెట్టి, "మరి నీతో పళ్లు దొంగిలించిన ఆ అమ్మాయి ఏమైంది నానమ్మా?" అని అడిగింది. ఇప్పటికీ మా గుడే, నా ముందు బెంచీలోనే కూర్చుంటుంది, నా కంటే శ్రుతి తప్పుతుంది అని చెప్పాను.

మా అబ్బాయి ఒక్కటే అన్నాడు. "సరే అమ్మా, నిన్ను గుడికాడ దించుత. నన్ను రమ్మనకు."

ఆ మాట ఎక్కడ విన్నానో మీకు చెప్పక్కర్లేదు.

తర్వాతి ఆదివారం కారులో తీసుకెళ్లాడు. గేటు ముందు నా చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా దింపాడు. చేతికర్ర అందించాడు. మళ్లీ వెళ్లి కారులో కూర్చున్నాడు.

"రావా?"

"మన గుడిది గూడ లైవ్ వస్తదమ్మా. ఈడనే ఫోన్ల పెట్టుకుంట. అదే సర్మన్ గద."

గోడకు ఇవతల కూర్చుని గోడకు అవతలి ఆరాధనను ఫోనులో చూస్తాడట! అద్దాలు పైకి ఎత్తి, ఏసీ పెట్టుకున్నాడు.

మా నాయిన నెత్తిన ఆ రోజు కప్పు లేదు. అందుకే లోపలికి వచ్చాడు. వీడికి కారు ఉంది. ఎంత రాళ్లవాన పడినా వీడు తడవడు.

లోపల నా బెంచీలో చివరన కూర్చుంటే కాళ్లు చాపుకోవచ్చు, లేవడం సులువు. ఆ రోజు గుమ్మం దగ్గరి కుర్రవాళ్లు నన్ను అక్కడే కూర్చోమన్నారు. వద్దన్నాను. కొంచెం లోపలికి, మధ్యలోకి వెళ్లి కూర్చున్నాను, పక్కన చోటు ఉండేలా. ఎవరొచ్చినా జరగాలి కదా. ఎవరో ఒకరు ముందు జరగాలి.